గోడవైపు తిరిగి కూర్చున్న అమ్మ

ఈమధ్య తెల్లవారుజామున నా పూజ లెక్క తప్పుతోంది. తప్పు నాది కాదు, దేవుడిది అసలే కాదు. మేడ మీద కొత్తగా అద్దెకు దిగినవాళ్ళ పిల్లది. ఐదున్నర అయ్యేసరికి డాబా ఎక్కి స్కిప్పింగ్ మొదలుపెడుతుంది. కింద నేను దీపం వెలిగించి "కేశవా, నారాయణా" అనేసరికి నెత్తిమీద టప్, టప్, టప్ అని తాడు సిమెంటును కొడుతుంది. కేశవ నామాలు ఇరవై నాలుగు. నిదానంగా చెప్పుకోవలసినవి. ఆ తాడు వెంట నా నాలుక పరుగెత్తి, ఇంకా పద్మనాభుడి దగ్గర ఉండవలసినదాన్ని అప్పుడే శ్రీకృష్ణుడి దగ్గరకు చేరిపోతాను. మళ్ళీ మొదటికి రావడం, మళ్ళీ పరుగెత్తడం. మా ఆయన ఓడ మీద ఉద్యోగి. నెలలో సగం రోజులు దీవులకూ దీవులకూ మధ్య ఉంటారు. ఫోన్లో ఈ సంగతి చెబితే, "పొద్దున్నే ఏంటా గోల అని పైవాళ్ళతో ఒక మాట అనకపోయావా?" అన్నారు. అనలేదు. ఆ చప్పుడు కూడా ఆగిపోతే పోర్ట్‌బ్లెయిర్ శివారు ప్రోతరాపూర్‌లోని ఈ ఇంట్లో మిగిలేది ఫ్రిజ్ చప్పుడొక్కటే.

మొన్నొక రోజు ఆ పిల్ల మెట్ల మీద ఎదురైంది. రెండు చేతులకూ పచ్చటి గుడ్డపట్టీలు చుట్టుకుని ఉంది. గ్లవ్స్ తొడిగేముందు చుట్టుకునేవి. బొటనవేలి దగ్గర తప్పు చుట్టింది. గట్టిగా గుద్దితే వేలు మెలిపడుతుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, పట్టీ విప్పి, మణికట్టు దగ్గర నుంచి మళ్ళీ చుట్టాను. వేళ్ళ సందుల్లోంచి మూడుసార్లు, పిడికిలి మీదుగా నాలుగుసార్లు. ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని, "ఆంటీ, ఆప్‌కో కైసే ఆతా హై? మీకెలా వచ్చు?" అంది. పూజ, పుస్తకం, పెరట్లో తులసి తప్ప ఇంకో సంగతి తెలియని మనిషిననుకుంది పాపం. "వచ్చులే" అని లోపలికి వచ్చేశాను. ఆ పట్టీలు ముట్టుకుని పద్దెనిమిదేళ్ళు దాటింది మరి. వేళ్ళు మరిచిపోలేదు.

మా పుట్టిల్లు జంగ్లీఘాట్‌లో, చేపల రేవుకు కాస్త పైన. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డట్టు ఉండేవి. మాది కింద సగం సిమెంటు, పైన సగం చెక్క, నెత్తిన రేకులు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. మా ఇంట్లో పోట్లాటలన్నీ ఎండాకాలంలోనే జరగడానికి కారణం అదేననుకుంటాను. ముత్తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చిన కుటుంబం. నాన్నకు ఒక డుంగీ ఉండేది, ఇంజను బిగించిన చిన్న పడవ. ఆయన వేటకు వెళ్ళేవాడు, అమ్మ రేవులో చేపలు అమ్మేది, నాయనమ్మ ఇల్లు చూసేది. నేను దగ్గేదాన్ని. ఏడో ఏట పట్టుకున్న ఉబ్బసం నన్ను బడి మానిపించింది. మూడు రోజులు వెళితే పది రోజులు మంచం. చివరకు నాన్న, "పిల్ల బతికుంటే సాలు, సదువెందుకు" అని పలక తీసి అటక మీద పెట్టేశాడు. నాయనమ్మ స్టూలు వేసుకుని ఆ పలక దింపి నా ఒళ్ళో పెట్టింది. ఆమెకు వచ్చిన అక్షరాలు ఆమె నేర్పింది. రానివి ఇద్దరం కలిసి భక్తి పుస్తకాల్లో వెతుక్కున్నాం. నా ఈడు పిల్లలు బడికెళ్ళి హిందీ, ఇంగ్లీషు నేర్చుకుని, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాకుండా పెరిగారు. నేను తెలుగు గడగడా చదివేదాన్ని, వినడానికి నాయనమ్మ తప్ప ఎవరూ లేకపోయినా. ఈ నాలుగు మాటలు ఇవాళ రాయగలుగుతున్నానంటే ఆ ఉబ్బసానికీ ఆ స్టూలుకూ దణ్ణం పెట్టుకోవాలి.

చదువు అలా వచ్చింది గానీ మనుషులు రాలేదు. పన్నెండేళ్ళ పాటు కిటికీలోంచే లోకాన్ని చూసినదానికి, లోకం వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో తెలియదు. "పేరేంటి పాపా?" అని ఎవరైనా అడిగితే నేను అమ్మ కొంగు వైపు చూసేదాన్ని, అది చెబుతుందేమోనని. పద్దెనిమిది దాటాక ఉబ్బసం దానంతటదే తగ్గింది. తెల్లవారుజాము సముద్రపు గాలి తగలకూడదని అప్పటికీ నన్ను దుప్పట్లోంచి లేవనిచ్చేవారు కాదు. పొద్దెక్కాక మాత్రం రేవుకు వెళ్ళి పడవలోంచి చేపల గంపలు మోసేదాన్ని. గంపలతో నాకు ఇబ్బంది లేదు. అవి పేరు అడగవు.

ఒకనాడు అలా గంప నెత్తిన పెట్టుకుని పడవలో నిలబడి ఉండగా ఏదో పెద్ద స్టీమరు దాటి వెళ్ళింది. దాని అలకు మా డుంగీ అటూ ఇటూ ఊగిపోయింది. నేను మోకాళ్ళు కాస్త వంచి, నడుము వదులు చేసి, పడవ ఎటు వంగితే అటు బరువు మార్చుకుంటూ నిలబడ్డాను. అందులో గొప్పేమీ లేదు, మా రేవులో పుట్టినవాళ్ళెవరైనా అలాగే నిలబడతారు. కానీ గట్టు మీద చేపలు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన కళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. మిలిటరీలో పనిచేసి వచ్చి, ఊళ్ళో ఒక హాల్లో పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. ఇక్కడే పుట్టిన తెలుగువాడే గానీ ఆయన తెలుగులో సగం హిందీ ఉండేది. అందరూ కోచ్ సాబ్ అనేవారు.

"ఎవరీ అమ్మాయి?" అన్నాడు.

"మా గుంటే బాబూ" అంది అమ్మ, చేపలు తూస్తూ.

"దీని పైర్ చూశారా? కాళ్ళు, కాళ్ళు! నా దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నోళ్ళకి కూడా ఈ నిలబడ్డం రాదు. హాల్‌కి పంపించు దీదీ, బాక్సింగ్ నేర్పిస్తా."

అమ్మ పగలబడి నవ్వింది. "అది నలుగుర్లోకి ఎల్లదు బాబూ. పేరు సెప్పడానికే దానికి పొద్దోతాది."

"అక్కడ నలుగురు ఎందుకుంటారు దీదీ? రింగులో ఎదురుగా ఒక్కతే ఉంటుంది."

ఆ లెక్క అమ్మకు నచ్చింది. నాన్నకు నచ్చలేదు, దెబ్బలు తగులుతాయని. ఊపిరికి కసరత్తు మంచిదని డాక్టరు కూడా అనేసరికి మెత్తబడ్డాడు. చివరి మాట నాయనమ్మది. గ్లవ్స్ ఇంటికి తెచ్చిన రోజున వాటిని పూజ అరమర దగ్గర పెట్టొచ్చా కూడదా అని పెద్ద ధర్మసందేహం వచ్చింది, తోలువి కదా. నాయనమ్మ కాసేపు ఆలోచించి, "మద్దెల తోలుది కాదేటి? దేవుడి ముందర వాయించట్లేదేటి?" అని తీర్పు చెప్పి, వాటికి చెరో బొట్టు పెట్టి, అరమర కింది మెట్టు మీద కూర్చోబెట్టింది.

హాల్లో మొదటి నెల నా సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఒక్కో గుద్దుకూ ఒక్కో "సారీ" చెప్పేదాన్ని. పైగా ఒకసారి ప్రాక్టీసులో నా కాలు ఎదుటి అమ్మాయి కాలికి తగిలింది. ఎవరికైనా కాలు తగిలితే మనం ఏం చేస్తాం? నేనూ అదే చేశాను. వంగి, ఆమె బూటును గ్లవ్‌తో తాకి, ఆ గ్లవ్ కళ్ళకద్దుకోబోయాను. అప్పటికే ఆమె కుడిచెయ్యి బయలుదేరింది. అది ముక్కు మీద కాక నెత్తిమీద పడడం దైవకృప. కోచ్ సాబ్ తాళ్ళు పట్టుకుని గావుకేక పెట్టాడు. "అరే పాగల్! గుద్దులాటలో దణ్ణం ఏంటి?"

"కాలు తగిలింది సాబ్."

"రింగులో కాళ్ళు తగలకుండా ఎలా ఉంటాయ్? ఇంటికెళ్ళి పెట్టుకో! రోజంతటివీ కలిపి ఒకటేసారి పెట్టుకో!"

ఆయన వెటకారానికి అన్నాడు గానీ నేను నిజంగానే అలా చేశాను. రోజూ సాయంత్రం దీపం పెట్టాక, ఆనాడు కాలు తగిలినవాళ్ళందరికీ కలిపి ఒక దణ్ణం. దాంతో మనసు తేలికపడి, మర్నాడు గుద్దడానికి చెయ్యి లేచేది.

అలా కొద్దికొద్దిగా వచ్చింది ధైర్యం. ఎవరో పోసినట్టు ఒక్కసారిగా రాలేదు. తాడు ఆడుతున్నప్పుడు ఊపిరి అందకపోతే పాత భయం గొంతులోకి వచ్చేది. అప్పుడు దుముకుకొక నామం చొప్పున కేశవ నామాలు చెప్పుకునేదాన్ని. మొదట్లో త్రివిక్రముడి దగ్గరే ఆగిపోయేదాన్ని, అంటే ఏడు. నెల తిరిగేసరికి ఇరవై నాలుగూ అయిపోయి మళ్ళీ కేశవుడు వచ్చేవాడు. కోచ్ సాబ్ నాకు కొత్తగా నిలబడడం నేర్పలేదు. "డుంగీలో ఎలా నిలబడతావో అలా నిలబడు, గుద్దొస్తే అలొచ్చిందనుకో" అనేవాడంతే. ఇంకొకటి కూడా చెప్పాలి. గుద్దులాటలో ఎదుటి మనిషి మీద నుంచి చూపు తిప్పకూడదు. పంతొమ్మిదేళ్ళ జీవితంలో ఒక మనిషి ముఖంలోకి రెండు నిమిషాల పాటు ఆపకుండా చూడడం నాకు అక్కడే మొదలు. ఎంత చిత్రంగా అనిపించిందో చెప్పలేను. మనుషుల ముఖాలు నేను భయపడినంత భయంకరంగా ఉండవు, వాళ్ళ కళ్ళల్లో కూడా భయం ఉంటుంది అని తెలిసింది.

అయినా హాల్లో నేను ఒంటరిదాన్నే. మిగతా ఆడపిల్లలంతా ఒకే బడి, ఒకే కాలేజీ. సినిమాలనీ పరీక్షలనీ హిందీలో గలగలా మాట్లాడుకుంటుంటే నేను కిటికీ పక్కన కూర్చుని పట్టీలు చుట్టుకునేదాన్ని. ప్రాక్టీసు అయ్యాక వాళ్ళంతా కలిసి చాట్ బండి దగ్గరకు వెళ్ళేవారు. నేను సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఒక్కదాన్నే ఇంటికి నడిచేదాన్ని. ఇంట్లో కూడా ఈ సంగతి ఎవరూ అడిగేవారు కాదు. ఒకసారి గుద్దే బస్తా చిరిగి ఇసుక కారుతుంటే నాన్న వచ్చి వల కుట్టే సూదితో కుట్టి వెళ్ళాడు.

మొదటి పోటీ ఆ మరుసటి సంవత్సరం పోర్ట్‌బ్లెయిర్‌లోనే జరిగింది. నాకు పోటీగా పడ్డ అమ్మాయిది డిగ్లీపూర్, దీవులకు ఉత్తరపు కొస. అంత దూరం నుంచి ముందురోజు పొద్దంతా బస్సులో కూర్చుని వచ్చి కూడా, ఆమె కుటుంబం తొమ్మిది మంది, అలసట అన్నది లేకుండా ముందు వరసలో కూర్చున్నారు. గంట కొట్టకముందే మొదలుపెట్టారు. "మార్ దీదీ, మార్!" అని ఒకటే కేకలు. వాళ్ళ ముసలావిడైతే చెంచాతో టిఫిన్ డబ్బా వాయించింది. నాకూ మనుషులు వచ్చారు. అమ్మ, నాన్న. నాలుగో వరసలో, గోడ పక్కన. నాన్న పండగలకు వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. పోటీ మొదలయ్యాక చూస్తే ఆయన నోరు విప్పకుండా పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాడు. అమ్మ కుర్చీనే తిప్పేసుకుంది. రింగుకు వీపు పెట్టి, గోడకేసి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

మొదటి రౌండు అయ్యాక కోచ్ సాబ్ నాకు నీళ్ళు తాగిస్తూనే వాళ్ళ వైపు తిరిగి అరిచాడు. "అరే భయ్యా, కుచ్ తో బోలో! మీ పిల్లే కదా, ఒక కేక వెయ్యండి!" నాన్న కదలలేదు. రెండో రౌండులో నేను చెయ్యకూడని పని చేశాను. ఎదుటి అమ్మాయి మీద నుంచి చూపు తిప్పి ఒక్క క్షణం అమ్మ వైపు చూశాను, ఇటు తిరిగిందేమోనని. నీలంచీర, కొప్పు, వీపు. అంతే కనిపించింది. తరువాతి క్షణం నా దవడ మీద గుద్దు పడింది. కిందపడలేదు గానీ, ఆ తరువాత కాళ్ళ కింద డుంగీ లేదు. నేల మాత్రమే ఉంది. ఓడిపోయాను. డిగ్లీపూర్ వాళ్ళు తమ పిల్లను ఎత్తుకుని ఊరేగిస్తుంటే నేను పట్టీలు విప్పుకున్నాను.

ఆటోలో ముగ్గురం ఇంటికి బయలుదేరాం. నాన్న చొక్కాకు రెండో గుండీ లేదు. ఆ మనిషి అంత అజాగ్రత్తగా ఎప్పుడూ ఉండడే అనుకున్నాను, దవడ నొప్పితోనే. గుమ్మం దగ్గర అమ్మ నన్ను ఆగమని, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా రెండు పాదాల మీదా పోసింది. అప్పుడు లోపలికి రానిచ్చింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళకు పోస్తారే, అలా అనిపించింది నాకు. నలుగురిలో కూతురు దెబ్బలు తిని ఓడిపోవడం మైల లాంటిదేమో, అది కడిగి లోపలికి రమ్మన్నారేమో అనుకున్నాను. ఆ రాత్రి గ్లవ్స్ అరమర దగ్గర నుంచి తీసి మంచం కిందకు నెట్టేశాను.

తరువాత నాలుగు నెలలు హాల్‌కు వెళ్ళలేదు. అవి వానల నెలలు. రేకుల మీద వాన మోత, కింద నా నోరు మూత. కోచ్ సాబ్ రెండుసార్లు వచ్చాడు. "ఒక్కసారి ఓడితే ఏమైందే?" అన్నాడు. ఓడినందుకు కాదు సాబ్ అని చెప్పలేకపోయాను. చెప్పాలంటే ఏం చెప్పాలి? నా వైపు ఎవరూ లేరు, నాకోసం కన్నతల్లి కూడా ముఖం ఇటు తిప్పలేదు అని బయటివాళ్ళకు చెప్పుకుంటామా? దేవుడికి మాత్రం చెప్పుకున్నాను. ఆయనా గోడకేసే చూస్తున్నట్టు అనిపించింది.

వానలు వెనకపట్టాక పడవలు మళ్ళీ దిగే రోజు వచ్చింది. నాయనమ్మకు జ్వరంగా ఉండి లేవలేకపోయింది. నాన్నకు అన్నం క్యాను, మంచినీళ్ళ డబ్బా మొయ్యడానికి అమ్మకు రెండో మనిషి కావలసివచ్చి, నా జీవితంలో మొదటిసారి నన్ను తెల్లవారకముందే లేపింది. పడవ రావడం వంద సార్లు చూశాను. వెళ్ళడం చూడడం అదే మొదలు. రేవులో మా వాళ్ళ ఆడవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరి మగవాడికి వాళ్ళు క్యాన్లు అందిస్తున్నారు, హాస్యాలాడుతున్నారు, తిడుతున్నారు. ఇంజన్లు మొదలయ్యాయి. తాళ్ళు విప్పారు. అంతే, ఎవరో చెప్పినట్టుగా ఆ ఇరవై మందీ ఒక్కసారి సముద్రానికి వీపు తిప్పేశారు. కొంగులు నోట్లోకి పోయాయి. ఒక్కరూ మాట్లాడలేదు. నేనొక్కదాన్నే పడవ వైపు చూస్తూ "నాన్నా" అని చెయ్యి ఎత్తబోతే అమ్మ నా రెక్క పట్టుకుని గిరుక్కున తిప్పేసింది. ఇంజను చప్పుడు పూర్తిగా సన్నగిల్లేదాకా ఆ చెయ్యి వదలలేదు.

వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలవకూడదని నాకు తెలుసు, తెలుగింట పుట్టిన ఎవరికైనా తెలుసు. ఇలా వీపు తిప్పాలని మాత్రం తెలియదు. కానీ ఆ వీపు నాకు తెలుసు. అదే కొప్పు, అవే బిగిసిన భుజాలు. నాలుగు నెలలుగా కళ్ళు మూస్తే కనిపిస్తున్నది అదే.

"ఎందుకమ్మా ఇలాగ?" అన్నాను, అమ్మ చెయ్యి వదిలాక.

"సూత్తే గంగమ్మకి తెలిసిపోద్ది గదే, ఆడు ఎవులికి కావలసినోడో. కావలసినోడని తెలిత్తే ఉంచీసుకుంటాది" అంది అమ్మ, చాలా మామూలుగా, ఖాళీ గంపలు సర్దుకుంటూ.

"మరి ఆ రోజు హాల్లో?"

"ఏ రోజు?"

"నేను కొట్లాడిన రోజు. గోడకేసి తిరిగి కూకున్నావు."

అమ్మ పని ఆపి నన్ను వింతగా చూసింది. బుద్ధి తక్కువ ప్రశ్న అడిగినట్టు. "మరేటి, నీకేసి సూడమంటావేటి? నువ్వు తిరిగి రావద్దా?" మళ్ళీ గంపలు అందుకుంటూ, "మీ అయ్య సూడు, నోరు మూసుకుని కూకోలేక సొక్కా గుండీ పీకీసుకున్నాడు. పండక్కి కుట్టించిన సొక్కా!" అంది, ఇప్పటికీ ఆ గుండీ మీద కోపం తగ్గనట్టు.

నేను అక్కడే ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుండిపోయాను. ఆడపిల్లను నేను, సముద్రం మీదకు పోయేదాన్ని కాను. ఆ మర్యాద నాకు కూడా జరుగుతుందని కలలోనైనా అనుకోలేదు. పొద్దెక్కి నాన్న తిరిగి వచ్చి గట్టు మీద కాలు పెట్టగానే అమ్మ చెంబుతో ఆయన పాదాల మీద నీళ్ళు పోసింది. ఎన్నిసార్లు చూశానో ఆ నీళ్ళు! ఉప్పు కడగడానికి అనుకునేదాన్ని. తిరిగి వచ్చినవాళ్ళకు పోసే నీళ్ళవి. ఆ రోజు సాయంత్రం మంచం కింద నుంచి గ్లవ్స్ తీసి, బూజు తుడిచి, బొట్టు పెట్టి, కింది మెట్టు మీద కూర్చోబెట్టాను. నాయనమ్మ జ్వరంలోనే ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.

ఆ మరుసటి పోటీలో మళ్ళీ డిగ్లీపూర్ అమ్మాయే పడింది. ఈసారి వాళ్ళు పదకొండు మంది, టిఫిన్ డబ్బాలు రెండు. హాలంతా ఆమె పేరే. నా పేరు పలికిన గొంతు ఒక్కటి లేదు. నేను గంటకు ముందు ఒక్కసారి నాలుగో వరసకేసి చూసుకున్నాను. నాన్న ఫ్యాను వైపు. అమ్మ గోడ వైపు. చాలు అనుకున్నాను, ఇక చూడలేదు. రెండో రౌండులో పక్కటెముకల మీద పడ్డ గుద్దుకు ఊపిరి చిన్నప్పటిలాగే బిగుసుకుపోయింది. కేశవా, నారాయణా అనుకుంటూ వెనక్కి వెనక్కి జరిగి, వామనుడి దగ్గర గాలి అందుకున్నాను. ఒకసారి మా కాళ్ళు తగిలాయి. దణ్ణం సాయంత్రానికి వాయిదా వేశాను. మూడో రౌండులో ఆమె వచ్చినప్పుడల్లా అల వచ్చిందనుకున్నాను. అల వచ్చిన ప్రతిసారీ అలతో పాటు వంగి, అది వెనక్కి పోయేటప్పుడు కొట్టాను. చివరకు రిఫరీ పైకెత్తింది నా చెయ్యే. హాలు చల్లబడిపోయింది. ఆ ముసలావిడ మాత్రం న్యాయం తెలిసిన మనిషి, నాకోసం కూడా డబ్బా మీద రెండు దెబ్బలు వేసింది.

గ్లవ్స్ విప్పకుండానే నాలుగో వరస దగ్గరకు వెళ్ళాను. అమ్మ ఇంకా గోడ వైపే ఉంది. వెనక నుంచి పిలవకూడదు కదా, కుర్చీలు తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. కొంగు నోట్లోంచి తీసి, నా ముఖం, ముక్కు, పళ్ళు అన్నీ ఒక్కొక్కటే చూసుకుంది.

"వచ్చీసావా?" అంది.

"వచ్చాను."

గెలిచావా అని అడగలేదు. సీసాలో నీళ్ళు తీసి అక్కడే నా బూట్ల మీద పోసేసింది. హాలు తుడిచే మనిషి చీపురుతో వచ్చి, "యే క్యా హై అమ్మా, ఇదేమన్నా మీ ఇల్లా?" అని మొత్తుకుంటుంటే నాన్న ఆయన చేతిలోంచి గుడ్డ లాక్కుని తనే తుడిచాడు. ఆ రోజు గుండీలన్నీ ఉన్నాయి.

నాలుగేళ్ళు ఆడాను. గెలిచినవి కొన్ని, ఓడినవి ఎక్కువ. ఓడినా మళ్ళీ మర్నాడు తాడు పట్టుకున్నాను. నాకు కావలసిన ధైర్యం అంతే. అమ్మ ప్రతి పోటీకీ వచ్చింది. ఒక్క పోటీ కూడా చూడలేదు. తరువాత నాయనమ్మ పోయింది, ఆ తరువాత నాన్న, మూడేళ్ళ కిందట అమ్మ. ఆసుపత్రిలో చివరి రోజంతా అమ్మ చెయ్యి పట్టుకుని ఆమె ముఖం కేసే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కాస్త గోడకేసి తిరిగి ఉంటే ఏమయ్యేదో అన్న పిచ్చి ఆలోచన ఇప్పటికీ దీపం ముందు వస్తుంది. కావలసిన మనిషని నేనే తెలియజేశానేమో. దేవుడు నవ్వుకుంటాడని తెలుసు. అయినా వస్తుంది.

మొన్న ఆదివారం మేడ మీద పిల్లకు మొదటి పోటీ. వాళ్ళమ్మ నర్సు, ఆ రోజు డ్యూటీ. నాన్నకు ఉద్యోగం డిగ్లీపూర్‌లో. ముందురోజు సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటూ, "ఆంటీ, మీరొస్తారా? నాకోసం జోర్‌గా అరవాలి" అంది. అరవడం నాకు రాదమ్మా అన్నాను. ముఖం చిన్నబోయింది. అప్పుడు లోపల కూర్చోబెట్టి, మా అమ్మ సంగతంతా చెప్పాను. నాకు నాలుగు నెలలు పట్టిన సంగతి దానికి పది నిమిషాల్లో చెప్పేశాను. "అందుకని వస్తాను గానీ గోడవైపు తిరిగి కూర్చుంటాను. పట్టించుకోవడం లేదనుకోకు. నువ్వు కావాలి గనకే అలా కూర్చుంటాను" అన్నాను. "క్యా ఆంటీ, మీరు కూడా!" అని నవ్వేసింది గానీ, వెళుతూ వెళుతూ నా పాదాలకు దణ్ణం పెట్టింది. కాలు తగలకుండానే.

పొద్దున అది సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోతుంటే, ప్రసాదం అరటిపండు ఇవ్వడం మరిచిపోయానని గుర్తొచ్చింది. పిలవబోయి నోరు మూసుకున్నాను. పండు చేత్తో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాను. మెట్ల మీద అడుగులు, గేటు గొళ్ళెం, రోడ్డు మీద ఆటో చప్పుడు, అది పూర్తిగా సన్నగిల్లేదాకా. తరువాత కొంగు సవరించుకుని, సంచీలో పండూ ఒక సీసా నీళ్ళూ పెట్టుకుని బస్సుకు బయలుదేరాను. వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలవకూడదంటే, వెళ్ళిపోతున్న కాలాన్ని కూడా పిలవకూడదేమో. ఇంతసేపూ ఈ కాగితం మీద నేను చేసింది అదే. గంగమ్మతల్లి మన్నించాలి.